మేకకన్నులు, మంత్రికన్నులు: తిమ్మరుసు కథనాల పరిశీలన

పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ 1535 ప్రాంతపు వృత్తాంతంలో నేత్రశిక్ష రెండుసార్లు కనిపిస్తుంది. మరణశయ్యపైనున్న రాజు తన బాలకుని పట్టాభిషేకం కోసం కృష్ణరాయల కన్నులు తీయమనగా, తిమ్మరుసు మేకకన్నులు చూపి ఆ పన్నాగాన్ని విఫలం చేశాడు. తరువాత యువరాజు విషప్రయోగంతో మరణించగా, రాయలు తిమ్మరుసు కన్నులే తీయించాడు. ఈ పొందిక సంఘటనలదా, కథనానిదా?

1515లో కొండవీడు జయించిన పిదప ఆ సీమ పాలన తిమ్మరుసుకు, అతని మేనల్లుడు నాదిండ్ల గోపమంత్రికి సంక్రమించింది. అక్కడి శాసనాలు విజయాలను, దానాలను చెబుతాయి. అయితే దానశాసనం రాచనగరి నేరాన్ని విచారించదు. ఆ ఖాళీని కథకులు పూరించారు.

రాయవాచకంలో అప్పాజీ కపటలేఖలతో గజపతికి తన పాత్రులపైనే అనుమానం పుట్టిస్తాడు. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’ చలనచిత్రంలో అతడు నిర్దోషి. శత్రువుల కుతంత్రం వల్ల రాయల అనుమానానికి బలి అవుతాడు. విశ్వాసపాత్రులను ప్రభువు శంకించేలా చేయడమే రెండింటా సాధనం. ప్రయోక్త మాత్రమే మారాడు.

అపరాధ పరిశోధక పఠనం దోషి ఎవరని అడుగుతుంది. అంతకు ముందడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. న్యూనిజ్ కథనంలో సైతం రాయలు నేరాన్ని నిజమని నమ్మి శిక్షించాడు. ఆ నమ్మకాన్ని నిరూపణగా స్వీకరించినవారెవరు?