అమ్మ దండెం

కోరుట్లలో మా అమ్మ ఇంటి మీద పోయినేడు ఒక అంతస్తు వేశాం. తమ్ముడు దుబాయ్ నుంచి పైసలు పంపాడు. నేను జగిత్యాల నుంచి వారానికోసారి వెళ్లి మేస్త్రి చెప్పినదానికల్లా తలూపి వచ్చాను. స్లాబు పడింది, గోడలు లేచాయి, బాల్కనీ రోడ్డు వైపు ముందుకొచ్చింది. పోలు నుంచి వచ్చే సర్వీసు వైరు మాత్రం పాతింటి కాలం నాటి చోటే ఉంది. బాల్కనీలో నిలబడి చెయ్యి చాపితే అందేది.

"గింత దానికి లైన్‌మన్ ఎందుకు సార్, ఓ తుండు అతికి గోడకు జరిపి కడ్తే అయిపాయె" అన్నాడు మేస్త్రి. ఎవరో కుర్రాణ్ని పిలిచి కట్టించాడు కూడా. నేను చూస్తూ ఊరుకున్నాను.

వానలు మొదలయ్యాక లైట్లు మిణుకుమనసాగాయి. మా చెల్లెను ఇచ్చింది సిరిసిల్లలో. అక్కడ మరమగ్గాల షెడ్లకు వైరింగ్ చేసే పెద్దమనిషిని బావ వెంటబెట్టుకొచ్చాడు. లైన్‌మన్‌ను పిలిచి పోలు దగ్గర సప్లయి తీయించేదాకా ఆయన నిచ్చెన ఎక్కలేదు. ఎక్కి అతుకు విప్పితే టేపు బెల్లం పాకంలా వేళ్లకంటుకుంది. లోపల అల్యూమినియం తీగెకు రాగి తీగె మెలిపెట్టి ఉంది, మెలిక చుట్టూ సున్నంలాంటి తెల్లపొడి. ఆ రెండు లోహాలు కలిసినచోట తడి చేరితే అల్యూమినియాన్ని తినేస్తుందట. పట్టు సడలుతుంది, సడలినచోట వేడెక్కుతుంది.

ఆయన చూపు అక్కడ ఆగలేదు. సర్వీసు వైరును మోసే జీఐ తీగెను కట్టిన కొక్కేనికే అమ్మ తన దండెం కట్టుకుంది. అదీ ఇనప బైండింగ్ తీగే. పై తొడుగు అరిగి కరెంటు జీఐ తీగెకు తగిలితే, అక్కణ్నుంచి తడిబట్ట దాకా అడ్డేముంది? 2022 జులైలో కామారెడ్డి బీడీ కార్మికుల కాలనీలో ఒకే ఇంట్లో నలుగురిని బలితీసుకుంది బట్టలారేసే తీగే.

రూలు ఏమంటుందో తరవాత చదివాను. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనల ప్రకారం ఇంటి మీదుగా పోయే లో వోల్టేజీ తీగెకూ కప్పుకూ మధ్య 2.5 మీటర్లు, పక్కగా పోతే గోడకూ దానికీ 1.2 మీటర్లు ఉండాలి. 1956 నాటి పాత రూల్స్‌లోనూ ఇవే కొలతలు. బాల్కనీలో టేపు పట్టి చూశాను. నా చెయ్యి చాపితే ముప్పావు మీటరు దాకా వచ్చింది, మిగిలింది చేతిలోని తడిచీర కోసమేమో. డాబా మీద నిలబడి చేతులెత్తితే రెండు మీటర్లు దాటింది. ఈ లెక్క వేసినవాడెవడో ఇంటివాళ్లు బట్టలారేయడం చూసే ఉంటాడు. లైను ఉన్నచోట ఇల్లు పెంచేవాళ్లు ముందే రాసి తెలపాలనీ, లైను జరిపే ఖర్చు వాళ్లదేననీ కూడా ఉంది. సిమెంటు, ఇసుక, కంకర, సలాకు పైసాతో సహా లెక్కేసిన మా పుస్తకంలో ఆ ఖర్చుకు గీతైనా లేదు.

దరఖాస్తు పెట్టాం. అతుకులు వద్దనుకుని పోలు నుంచి మీటరు దాకా ఒకే వైరు వేయించాం. జీఐ పైపును పైఅంతస్తు దాటించి మూతిని గొడుగు పిడిలా కిందికి వంచారు. పైపులోకి దూరే ముందు వైరును కాస్త వేలాడనిచ్చారు, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోవడానికి. మీటరు తరవాతంతా మన పూచీ కాబట్టి పర్మిట్ ఉన్న వైర్‌మన్‌తో కరెంటు లీకైతే సప్లయి ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. తులసికోట పక్కన ఉప్పు, బొగ్గు పొరలేసి రెండున్నర మీటర్ల ఎర్తింగ్ పైపు దింపాం. తులసికి పోస్తూ దానికీ చెంబెడు పోస్తోంది అమ్మ.

పనంతా అయ్యాక సిరిసిల్ల పెద్దమనిషి చాయ్ తాగుతూ తమ ఊరి కరెంటు సంఘం 'సెస్' కబుర్లు ఎత్తుకున్నాడు. 1970 ప్రాంతంలో అమెరికా పల్లెల నమూనాలో దేశంలో ముందుగా పెట్టిన ఐదు విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్లది ఒకటి. ఇప్పటికీ వాళ్ల బిల్లు అక్కడి నుంచే, మా బిల్లు వరంగల్ డిస్కం నుంచి. "బిల్లు యాడికెళ్లొస్తేంది, వాన అందరికీ ఒక్కటే" అని నవ్వాడు.

అమ్మకు పెరట్లో రెండు కర్రలు పాతి నైలాన్ తాడు కట్టాను. పాత ఇనప తీగెను మాత్రం పారేయనివ్వలేదు. చుట్టచుట్టి మెట్ల కింద పెట్టింది, చిక్కుడు పందిరికి పనికొస్తదట.