తలుపుకు ఇరువైపులా

న్యూయార్క్ మన్‌హాటన్‌లో, తూర్పు ఏడో వీధిలో మెక్‌సోర్లీస్ అనే పాత ఐరిష్ పబ్ ఉంది. దాని ఒక్కదాని మీదే పుస్తకం రాసి, చదవమని రాతప్రతి నా చేతికిచ్చింది ఈ చిరంజీవి. తాగే చోటు గురించి ఇన్ని పుటలు దేనికని అడిగేవారికి నా సమాధానం ఒకటే. పాత చోటును ప్రేమించడమూ, దాని గురించి నిజం చెప్పడమూ రెండూ ఒకరే చేయగలరని ఈ పుస్తకం రుజువు చేసింది.

ఆ గది వర్ణనే ఒక విందు. నేలంతా రంపపు పొట్టు. గోడల నిండా పసుపెక్కిన పత్రికల కత్తిరింపులు, ఫొటోలు. తాగడానికి లైట్, డార్క్ అని రెండే రకాల ఏల్ బీరు. 1912లో చిత్రకారుడు జాన్ స్లోన్ ఈ బార్‌నే బొమ్మగా గీశాడు. ఆ చిత్రం ఇప్పుడు డెట్రాయిట్ మ్యూజియంలో ఉంది.

రచయిత్రి కథనూ దాఖలానూ కలగాపులగం చేయదు. బార్ మీద దీపాల కమ్మీకి పంగలకర్రలా చీలిన టర్కీకోడి ఎముకలు వేలాడుతుంటాయి. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్తూ సైనికులు తగిలించారనీ, తిరిగిరానివారివే మిగిలాయనీ చెప్పుకుంటారు. 1940లో ‘న్యూయార్కర్’ పత్రికలో రచయిత జోసెఫ్ మిచెల్ మాత్రం, పబ్ పెట్టిన జాన్ మెక్‌సోర్లీయే పండగ కోళ్ల ఎముకలు దాచి అక్కడ గుచ్చాడని రాశాడు. ఆమె రెండూ చెప్పి, జనం సైనికుల కథనే ఎందుకు నిలుపుకున్నారో ఆలోచిస్తుంది. పోయినవాళ్ల గుర్తుకు ఒక చోటు కావాలి కాబట్టి అన్న ఆమె మాట నాకు నచ్చింది.

నన్ను కదిలించినవి ఆడవాళ్ల అధ్యాయాలు. 1854లో మొదలైందని చెప్పుకునే ఆ పబ్ 1970 ఆగస్టు దాకా స్త్రీలను లోపలికి రానివ్వలేదు. ఇద్దరు స్త్రీలు కోర్టుకెక్కారు, నగరం చట్టం చేసింది, అప్పుడు తెరుచుకుంది తలుపు. 1939లో తండ్రి నుంచి పబ్‌ను వారసత్వంగా పొందిన డొరతీ కిర్వన్, ఆయనకిచ్చిన మాటకు కట్టుబడి వ్యాపారవేళల్లో అందులో అడుగుపెట్టలేదు. యజమానురాలే గడప బయట! ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి 1986లో గానీ రాలేదు. గోడల మీద అన్ని జ్ఞాపకాలున్నా, ఈ స్త్రీల ఓర్పుకు అక్కడ చోటు చాల్లేదు. ఈ పుస్తకం ఆ చోటు ఇచ్చింది. అలాగని రచయిత్రి పబ్ మీద కక్షగట్టలేదు; 1994లో యజమాని కూతురు బార్ వెనక నిలబడి వడ్డించిన రోజును సంతోషంగా రాసింది.

మన ఇరానీ హోటళ్ల గురించీ, కల్లు కాంపౌండ్ల గురించీ ఇలాంటి పుస్తకాలు రావాలి. అక్కడ ఎవరు కూర్చున్నారో, ఎవరిని కూర్చోనివ్వలేదో రెండూ రాయాలి. ఆ పని కూడా ఈమే మొదలుపెట్టాలని కోరుతూ, నిండు మనసుతో ఆశీర్వదిస్తున్నాను.