కరెంటు వెంట నడిచే విద్య

విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైవేల పక్కన ఉండే ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లోనూ ఒక విద్య మేస్త్రి నుంచి శిష్యుడికి చేతులమీదుగా వస్తోంది. పాత పికప్‌లో లైటు వెలగకపోతే, ఏ పార్టూ మార్చకుండా ముందు తప్పు ఎక్కడుందో పట్టుకునే విద్య అది. 1988లో వచ్చిన టాటా మొబైల్ 206, దాని తర్వాతి 207, పాత మహీంద్రా పికప్‌లు: వీటి లైట్లను ఏ కంప్యూటరూ నడిపించదు. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, వైరు, బల్బు, ఎర్త్. కరెంటుకు ఉన్న దారి ఇదొక్కటే. ఈ దారిని వరుసగా తెలుసుకున్నవాడు ఊహ మీద ఆధారపడడు.

మేస్త్రికి ముఖ్యమైన పనిముట్టు టెస్ట్ లాంప్. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు, ఒక కొసన క్లిప్పు, మరో కొసన సూది. క్లిప్పును బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, లైటు స్విచ్చి వేసి, సూదిని ఫ్యూజుకు ఇటూ అటూ, స్విచ్చి దగ్గర, చివరికి హోల్డరులో ఆనించి చూస్తాడు. లాంప్ వెలిగిన చోటికి కరెంటు వచ్చింది. వెలగని చోటికి రాలేదు. ఆ రెంటి మధ్యే తప్పుంది. మిగతా పోగులన్నీ తెగి ఒక్క పోగే మిగిలిన వైరు కూడా మల్టీమీటర్‌కు 12 వోల్టులు చూపించగలదు. కానీ బల్బును నిండుగా వెలిగించలేదు. అందుకే అనుభవజ్ఞులు మీటరు చేతిలో ఉన్నా లాంప్‌ను వదలరు. ఎలక్ట్రానిక్ పెట్టెలున్న కొత్త బండ్లలో మాత్రం మీటరే వాడాలి.

పాత పికప్‌లలో తికమక పెట్టేది ఎర్త్. బండి బాడీయే నెగటివ్ వైరు పని చేస్తుంది కాబట్టి, వెనక లైటు బోల్టు కింద తుప్పు పట్టినా, పెయింటు అడ్డుపడినా కరెంటు వెనక్కి వెళ్లలేదు. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు మసగ్గా వెలగడం, ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా కొట్టుకోవడం దీని గుర్తులు. 21/5 వాట్ల బల్బులో రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ ఒక్కటే. అది తెగితే కరెంటు రెండో ఫిలమెంటు గుండా పక్క లైట్లలోకి దారి వెతుక్కుంటుంది. ఇక్కడ బల్బులు మార్చి లాభం లేదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు తెచ్చి హోల్డరు బాడీకి ఆనిస్తే లైటు సరిగ్గా వెలిగిందా, తప్పు ఎర్త్‌దే. బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, తేమ చేరకుండా పైన వ్యాసలీన్ రాయాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే రాగి తీగ చుట్టడం వైరింగుకు నిప్పు పెట్టడమే. ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బు పెట్టి, ఆ లైన్లో బల్బులన్నీ తీసేసి స్విచ్చి వేస్తారు. ఎక్కడో వైరు బాడీకి తగిలి షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. ఇక వైర్లను జానెడు జానెడుగా కదుపుతూ పోతే షార్ట్ వీడిన క్షణంలో అది ఆరిపోతుంది. ఛాసిస్ రంధ్రాల అంచుల దగ్గర, ట్రాలీ కింద, తర్వాత చేర్చిన హారన్లు, ఎక్స్‌ట్రా లైట్ల జాయింట్ల దగ్గర ముందు చూడాలి.

హెడ్‌లైటు మసకబారితే ఎక్కువ వాట్ల బల్బు వేయమంటారు చాలామంది. కానీ ముందు చూడాల్సింది బల్బుకు చేరే వోల్టేజి. అది పదో వంతు తగ్గితే హాలోజన్ బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. 55 వాట్ల బల్బులు రెండింటికి తొమ్మిది ఆంపియర్లకు పైగా కావాలి. అదంతా అరిగిన స్విచ్చి గుండా పోవడమే సమస్య. ఆ భారం స్విచ్చి మీద పడకుండా రిలే పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సరైన మందం వైరు లాగితే పాత బల్బే నిండుగా వెలుగుతుంది.

ఈ ఓపికకు విలువ రాత్రి రోడ్డు మీద తెలుస్తుంది. ముందు 155 మీటర్ల దూరంలోని మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. టమాటా బుట్టలతో తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లే పికప్‌కు వెనక లైటు లేకపోతే, వెనకొచ్చే లారీ డ్రైవరుకు అది దగ్గరపడేదాకా కనిపించదు. మేస్త్రి వెతికిన గంటసేపు ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

పికప్ యజమానులకు ఒకటే మనవి. పార్టు ఖరీదు ఎంతని అడిగే ముందు తప్పు ఎక్కడుందని అడగండి. ఆ తప్పును వెతికి చూపించిన మేస్త్రికి ఆ పనికి తగిన కూలి ఇవ్వండి. బండి తీసే ముందు వెనక ఒకరిని నిలబెట్టి బ్రేకు, ఇండికేటరు, టెయిల్ లైటు మూడూ వెలుగుతున్నాయో లేదో చూసుకోండి.