విడిభాగమా, అంటుకొమ్మా?

రేడియో షాపులో పాత సెట్టులోని కెపాసిటరు ఊడదీసి మరో సెట్టులో అతికిస్తే పనిచేస్తుంది. సింథటిక్ బయాలజీ గురించి రాసేవాళ్లు జన్యువులను కూడా ఇలాంటి ‘విడిభాగాలు’ అనే అంటుంటారు. ఈ పోలిక ఎంతవరకు సరైనది? అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు మార్క్ మిమీ, టిమొతీ లూ తదితరులు 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన ఒక పరిశోధనను తీసుకుని చూద్దాం.

రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం పేరు హీమ్. కడుపులో రక్తస్రావమైతే ఈ హీమ్‌ను పసిగట్టి వెలిగే బాక్టీరియాను తయారుచేయడం వారి లక్ష్యం. చీజ్ తయారీలో వాడే లాక్టోకాకస్ లాక్టిస్ అనే సూక్ష్మజీవిలో హెచ్.ఆర్.టి.ఆర్. అనే ప్రోటీను ఉంది. మామూలుగా అది డి.ఎన్.ఎ.ను పట్టుకుని కొన్ని జన్యువులను పనిచేయనివ్వదు. హీమ్ వచ్చి చేరితే పట్టు వదిలేస్తుంది. అప్పుడు హీమ్‌ను బయటికి తోసే పంపు తయారవుతుంది. హీమ్ ఎక్కువైతే ఆ జీవికి విషం మరి! పరిశోధకులు పంపు జన్యువులకు బదులు కాంతినిచ్చే జన్యువులను జోడించి, ఈ ఏర్పాటును ‘నిస్లే 1917’ అనే హానిచేయని ఇ.కోలైలో ప్రవేశపెట్టారు.

అంతటితో సరిపోలేదు. ఇ.కోలైకి పైన ఇంకొక పొర ఉంటుంది. హీమ్ దాన్ని తనంతట తాను దాటలేదు. అందుకని ఒక రోగకారక ఇ.కోలై నుంచి ‘చు-ఎ’ అనే ద్వారం వంటి ప్రోటీనును కూడా తెచ్చి పెట్టారు. నా దృష్టిలో ఈ పరిశోధనలో మెచ్చుకోదగిన తెలివి ఇదే. పత్రికల కథనాల్లో మాత్రం వెలిగే బాక్టీరియాకు, ఆ వెలుగును గుర్తించి ఫోనుకు తెలిపే ఎలక్ట్రానిక్ గుళికకు దక్కినంత చోటు దీనికి దక్కలేదు. ఇలాంటి వార్తలు అనువదించేటప్పుడు నేనూ ‘విడిభాగం’ అనే రాస్తూ వచ్చాను. ఇప్పుడైతే ‘అంటుకొమ్మ’ అంటాను. మామిడి అంటు బతకాలంటే కొమ్మ మంచిదైతే చాలదు, కింది మొక్క కూడా దాన్ని ఒప్పుకోవాలి.

ప్రయోగం గురించీ ఒక మాట చెప్పాలి. గుళికను పందులలో పరీక్షించినప్పుడు, కడుపులోని ఆమ్లాన్ని తగ్గించే ద్రావణంలో రక్తం కలిపి ఇచ్చారు. నిజమైన పుండు నుంచి ఊరే రక్తం అలా సిద్ధమై రాదు. పైగా హీమ్ వేటమాంసంలోనూ ఉంటుంది. మధ్యాహ్నం మాంసం కూర తిన్న మనిషి ఆ గుళిక మింగితే, వెలిగిన వెలుగు పుండుదా, భోజనానిదా?