ముందు కడ్డీ, తర్వాతే డంబెల్స్

ఇంట్లో కసరత్తుకు సామాను ఎంచుకునేటప్పుడు ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది సొంత ఒళ్ళే. దండీలు తీస్తే ఛాతీకి, భుజాలకు, మోచేతి పైన వెనుక కండకు పని పడుతుంది. బస్కీలు తీస్తే తొడలకు, పిరుదులకు పడుతుంది. తాలింఖానాల్లో పహిల్వాన్లు ఈ రెండింటినే వందల లెక్కన తీసేవారు. వీటికి నేల చాలు. నేల ఇవ్వలేని పని లాగడం. వీపు కండలు గట్టిపడాలంటే చేతులతో దేన్నైనా పట్టుకుని గుంజాలి. అందుకే తక్కువ సామానుతో సరిపెట్టుకునే ఇంట్లో మొదటి ఖర్చు పెట్టవలసింది వేలాడే కడ్డీ మీద, అంటే పుల్‌అప్ బార్ మీద. చాలామంది ముందు డంబెల్స్ కొంటారు; అద్దంలో కనిపించని వీపు ఎవరికీ గుర్తురాదు.

కడ్డీలు రెండు రకాలు. గుమ్మం మధ్యన మెలితిప్పి బిగించేది ఒకటి, గోడకు బోల్టులతో బిగించేది రెండోది. మెలితిప్పేది రాపిడి మీదే నిలుస్తుంది. పాత ఇళ్ళ టేకు ద్వారబంధాలు ఆ ఒత్తిడిని ఓర్చుకుంటాయి. పలుచని చెక్క చట్రాలు ఓర్చుకోవు. ఒకసారి జారితే మనిషి వెల్లకిలా పడతాడు. గోడకు బిగించేదే నమ్మదగినది, అయితే గోడ ఏదో తెలియాలి. కాంక్రీటు దూలంలో, తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడలో యాంకర్ బోల్టు గట్టిగా పట్టుకుంటుంది. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వాడే తేలికపాటి ఏఏసీ దిమ్మెల్లో మామూలు బోల్టు కొన్నాళ్ళకు వదులవుతుంది. అలాంటి ఇంట్లో దూలం ఎక్కడుందో మేస్త్రీని అడిగి, అక్కడే బిగించాలి.

ఒక్క పుల్‌అప్ కూడా రానివారికి రబ్బరు బ్యాండ్ తోడు. కడ్డీకి తగిలించి అందులో మోకాలు పెడితే ఒంటి బరువులో కొంత అదే మోస్తుంది. బ్యాండ్ ఎంత సాగితే అంత గట్టిగా లాగుతుంది కాబట్టి కింద ఎక్కువ సాయం, పైన తక్కువ సాయం అందుతుంది. లేటెక్స్ బ్యాండ్లకు ఎండ శత్రువు. మేడ మీద వదిలేస్తే బీటలు వారి, సాగదీసినప్పుడు తెగి ముఖానికి కొడతాయి.

డంబెల్స్ వంతు ఆ తర్వాత. ఐదు కిలోల జత, పది కిలోల జత అంటూ విడివిడిగా కొంటే గది నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది. పిడికి ప్లేట్లు మార్చుకునే జత ఒక్కటి చాలు. ఇక్కడ అసలు చూడవలసింది పెద్ద ప్లేటును కాదు, అన్నింటికంటే చిన్నదాన్ని. ప్లేట్లు రెండు వైపులా వేయాలి కాబట్టి 1.25 కిలోల ప్లేట్లు ఉంటే బరువు 2.5 కిలోలు పెరుగుతుంది, చిన్నవి 2.5 కిలోలవే అయితే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. 10 కిలోలు తల పైకి ఎత్తే మనిషికి 12.5 కిలోలే పాతిక శాతం ఎక్కువ, 15 అంటే సగం ఎక్కువ. భుజాలు పట్టేయడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. సిమెంటో ఇసుకో నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవక. కానీ ఇనుము సిమెంటు కంటే దాదాపు మూడు రెట్లు సాంద్రమైనది. అందువల్ల అదే బరువుకు ప్లాస్టిక్ ప్లేటు బాగా లావుగా ఉండి, పిడి మీద చోటు త్వరగా నిండిపోతుంది. పోత ఇనుము ప్లేట్లే మేలు. పిడి మందానికి ప్లేటు రంధ్రం సరిపోతుందో లేదో కొట్లోనే తొడిగి చూసుకోవాలి.

కెటిల్‌బెల్ రష్యా నుంచి వచ్చింది. అక్కడి పాత తూనిక పూడ్ సుమారు 16.38 కిలోలు, 16, 24, 32 కిలోల గుండ్ల కొలతలు ఆ లెక్క నుంచే వచ్చాయి. బరువు మార్చలేని గుండు కాబట్టి ఇది మూడో కొనుగోలు. ఉత్తరాంధ్ర సంగిడి రాయి తీరూ ఇదే: రాయి మారదు, ఎత్తే మనిషే మారాలి.

పొడవాటి రాడ్ ఫ్లాట్లకు పనికిరాదు. పురుషుల ఒలింపిక్ రాడ్ పొడవు 2.2 మీటర్లు, ఒట్టి రాడ్డే 20 కిలోలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన ఆ ఆటకు వేదికే ఒక్కో వైపు 4 మీటర్లు. పడకగదిలో అంత చోటుండదు. పైగా బరువు జారితే టైల్ పగులుతుంది, కింది ఇంటివాళ్ళు పైకొస్తారు. డంబెల్స్ కింద కూడా మందపాటి రబ్బరు మ్యాట్ ఉండాలి. ఫ్యాన్ కింద నిలబడి బరువు తల పైకి ఎత్తకూడదు, తాడాట ఆడకూడదు.

విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. చెమట తుడిచి, నెలకోసారి కుట్టుమిషన్ నూనె పలుచగా రాస్తే సరిపోతుంది. ట్రెడ్‌మిల్, మల్టీజిమ్ ఈ లెక్కలోకి రావు. అవి చివరికి బట్టలు ఆరేసుకునే దండేలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం రెండు రోజుల కండరాల కసరత్తు. దానికి కడ్డీ, బ్యాండ్, ఒక జత డంబెల్స్ సరిపోతాయి. ఇనుప ప్లేట్లు పాతవైనా తూకం వేసి నిక్షేపంగా కొనుక్కోవచ్చు. వాడిన బ్యాండ్లు మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.