దిగుమతి గ్యాస్: లక్ష్యం ఉంది, లెక్క ఏది?

ఈసారి ఎరువుల దుకాణం మీదుగా వెళ్లేటప్పుడు యూరియా బస్తాను ఒకసారి శ్రద్ధగా చూడండి. బరువు 45 కిలోలు. వేపపూత ఖర్చు, పన్నులు కాక రైతుకు అమ్మే ధర 242 రూపాయలు. ఆ తెల్లని గుళికలను చూస్తే ఎవరికీ గ్యాస్ గుర్తుకు రాదు. కాని మన దేశంలో తయారయ్యే యూరియా దాదాపు అంతా సహజవాయువు నుంచే పుడుతోంది.

సహజవాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. దాన్ని నీటి ఆవిరితో చర్య జరిపించి హైడ్రోజన్ తీస్తారు. ఆ హైడ్రోజన్‌ను గాలిలోని నైట్రోజన్‌తో కలిపి అమోనియా తయారుచేస్తారు. అమోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే యూరియా వస్తుంది. కొత్త రకం కర్మాగారంలో టన్ను యూరియాకు ఇంచుమించు 55 లక్షల కిలో కేలరీల శక్తి ఖర్చవుతుంది. అంటే ఒక్కో బస్తాకు దాదాపు రెండున్నర లక్షల కిలో కేలరీలు. మీ ఇంటి వంటగ్యాస్ సిలిండర్లు ఒకటిన్నర మండిస్తే వచ్చేంత వేడి అన్నమాట. (సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం, సహజవాయువు కాదు. ఈ పోలిక వేడికి మాత్రమే.)

అంతర్జాతీయ వ్యాపారంలో గ్యాస్‌కు పది లక్షల బ్రిటిష్ ఉష్ణ ప్రమాణాల లెక్కన ధర కడతారు. అది 2 లక్షల 52 వేల కిలో కేలరీలకు సమానం. చూశారా, ఇంచుమించు ఒక యూరియా బస్తాకు సరిపోయే గ్యాస్! అందువల్ల ఈ వ్యాసంలో ఆ పొడవాటి ప్రమాణానికి బదులు 'ఒక బస్తా గ్యాస్' అని చెప్పుకుందాం. పత్రికల్లో గ్యాస్ ధర పది డాలర్లని చదివితే, ఒక బస్తా యూరియా చేయడానికి పది డాలర్ల గ్యాస్ కావాలని అర్థం. డాలరు 85 రూపాయలనుకుంటే 850 రూపాయలు. రైతు చెల్లించే ధరకూ దీనికీ మధ్య ఉన్న తేడాను ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తోంది.

పదిహేను శాతం

మన దేశం వాడే మొత్తం ప్రాథమిక శక్తిలో సహజవాయువు వాటా ఆరేడు శాతం. దీన్ని 2030 నాటికి 15 శాతానికి చేర్చాలన్నది ప్రభుత్వం ప్రకటించిన లక్ష్యం. 2010 ప్రాంతంలో ఈ వాటా దాదాపు పది శాతం ఉండేది. అంటే పెరగవలసింది తగ్గింది. మనం వాడే గ్యాస్‌లో ఇంచుమించు సగం ఇప్పటికే విదేశాల నుంచి వస్తోంది. స్వదేశీ బావులు అంత వేగంగా దిగుబడి పెంచలేవు. కనుక లక్ష్యం నెరవేరాలంటే దిగుమతులే పెరగాలి.

లక్ష్యాన్ని సమర్థించేవారి వాదనను తోసిపుచ్చలేం. ఒక యూనిట్ విద్యుత్తుకు బొగ్గు వెలువరించే కార్బన్ డయాక్సైడ్‌లో గ్యాస్ వెలువరించేది సగానికి మించదు. బూడిద ఉండదు, గంధకం పొగ దాదాపు ఉండదు. ఢిల్లీ బస్సులు సుప్రీంకోర్టు ఆదేశాలతో 2002 నాటికి గ్యాస్‌కు మారినప్పుడు నల్లపొగ తగ్గడాన్ని నగరం కళ్లారా చూసింది.

నా అభ్యంతరం గ్యాస్ మీద కాదు, శాతం మీద. యూరియా బస్తా, కరెంటు యూనిట్, పింగాణీ పలకల బట్టీ, సిటీ బస్సు అన్నింటినీ ఈ ఒక్క అంకె ఒకే గాటన కట్టేస్తుంది. ఎక్కడ గ్యాస్ లేనిదే పని జరగదో, ఎక్కడ వేరే మార్గం ఉందో అది చెప్పదు. ఎంత ధర దాకా కొనవచ్చో అసలే చెప్పదు.

ఓడ ఎక్కే వాయువు

చమురును పీపాల్లో నింపి పంపవచ్చు. వాయువుకు గొట్టమైనా కావాలి, అతిశీతల ఓడైనా కావాలి. మనకు గొట్టం దారి కలిసిరాలేదు. ఇరాన్ నుంచి పాకిస్తాన్ మీదుగా పైపులైను వేయాలన్న ఆలోచన 1989 నాటిది. అది మన దాకా రాలేదు. తుర్క్‌మెనిస్తాన్ నుంచి ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా 1,800 కిలోమీటర్ల పైపులైనుకు 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగినా ఆ గ్యాస్ మన సరిహద్దు చేరలేదు.

మిగిలింది ఓడ. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే ద్రవమై, దాని ఘనపరిమాణం 600వ వంతుకు తగ్గుతుంది. దీన్నే ద్రవీకృత సహజవాయువు, ఎల్.ఎన్.జి. అంటారు. చల్లబరచడానికే ఆ గ్యాస్‌లో 8 నుంచి 10 శాతం దాకా ఖర్చవుతుంది. రేవులో దించి, తిరిగి వాయువుగా మార్చి, గొట్టంలోకి పంపాలి. ప్రతి మెట్టులోనూ ఖర్చు ఉంది.

గుజరాత్‌లోని దహేజ్ టెర్మినల్‌కు తొలి ఓడ 2004 జనవరిలో ఖతర్ నుంచి వచ్చింది. ఏడాదికి 50 లక్షల టన్నులతో మొదలైన ఆ టెర్మినల్ సామర్థ్యం తర్వాత మూడు రెట్లు దాటింది. ఎందుకు విజయవంతమైంది? ఓడ రాకముందే 25 ఏళ్ల ఒప్పందం సిద్ధంగా ఉంది. హజీరా నుంచి ఉత్తరప్రదేశ్ దాకా పెద్ద పైపులైను అప్పటికే ఉంది. దాని వెంట ఎరువుల కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు గ్యాస్ కోసం ఎదురుచూస్తున్నాయి.

కొచ్చిలో ఇది తలకిందులైంది. అక్కడ టెర్మినల్ 2013లో సిద్ధమైంది. గ్యాస్‌ను మంగళూరు దాకా మోసే 450 కిలోమీటర్ల పైపులైను 2021 జనవరిలో గాని ప్రారంభం కాలేదు. ఆ మధ్యకాలమంతా టెర్మినల్ సామర్థ్యంలో చాలా భాగం ఖాళీగా ఉండిపోయింది.

గోదావరి తీరంలో మనం చూసింది కూడా ఇటువంటిదే. అది దిగుమతి గ్యాస్ కథ కాదు, కాని పాఠం ఒకటే. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డి6 క్షేత్రం 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అంచనా. 2010లో 6 కోట్ల దాకా వచ్చి, తర్వాత ఏటేటా పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకొని కట్టిన విద్యుత్ కేంద్రాలు చల్లబడ్డాయి. 2019లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో గ్యాస్ అందక చిక్కుబడిన కేంద్రాలు 31. వాటి సామర్థ్యం 14,305 మెగావాట్లు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు గ్యాస్ ఖాయం కాకముందే టర్బైన్లు వెలిశాయి.

ధర తెచ్చే చిక్కు

ఆసియాలో అప్పటికప్పుడు కొనే ఎల్.ఎన్.జి. ధర 2020 వసంతంలో రెండు డాలర్లకు దిగువన ఉంది. 2022 మార్చిలో ఒక దశలో 80 డాలర్లు దాటింది. ఒక బస్తా గ్యాస్ 150 రూపాయల నుంచి ఆరు వేల రూపాయలకు చేరిందన్నమాట. యుద్ధం వల్ల రష్యా గ్యాస్ తగ్గిన యూరప్ ఎంత ధరకైనా ఓడలను కొనుక్కుంది. ఆ ఏడాది మన దిగుమతులు తగ్గాయి. పాకిస్తాన్ టెండరు పిలిస్తే అమ్మేవాడే ముందుకు రాలేదు. బంగ్లాదేశ్ కొన్ని నెలలపాటు అటువంటి కొనుగోళ్లు మానుకొని కరెంటు కోతలు విధించుకుంది. గుజరాత్‌లోని మోర్బీ పింగాణీ పరిశ్రమ 2019లో కాలుష్యం కారణంగా బొగ్గు గ్యాస్ వదిలి సహజవాయువుకు మారింది. 2022 ధరలు భరించలేక అక్కడి యూనిట్లెన్నో ప్రొపేన్ వైపు మళ్లాయి.

అయితే దీర్ఘకాల ఒప్పందాలు చేసుకుంటే సరిపోదా? అవి రక్షణ ఇస్తాయి, కాని వాటికీ వెల ఉంది. సరుకు తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు చెల్లించాలన్న షరతు వీటిలో సాధారణం. 2015లో చమురు ధర పడిపోయి, విడి ఓడల గ్యాస్ చౌకైనప్పుడు, ఖతర్ ఒప్పందపు ధర మనకు భారమైంది. తక్కువ సరుకు తీసుకున్నాం. చివరకు ఆ ఏడాది డిసెంబరులో ధర సూత్రాన్ని సవరించుకున్నాం. 2024 ఫిబ్రవరిలో అదే ఒప్పందాన్ని ఏడాదికి 75 లక్షల టన్నుల చొప్పున 2048 దాకా పొడిగించారు. 2048 నాటికి ఇది చదువుతున్న మీలో చాలామందికి నలభై ఏళ్లు దగ్గరపడతాయి. అంటే ఈ సంతకాల ఫలితం అనుభవించేది మీరే.

మరొక సంగతి. ఖతర్ ఓడ ఏదైనా హోర్ముజ్ జలసంధి దాటనిదే అరేబియా సముద్రంలోకి రాలేదు. ముడిచమురుకు విశాఖపట్నం, మంగళూరు, పాదూరులలో భూగర్భ నిల్వలు తొలిచాం. గ్యాస్‌కు అంతటి అత్యవసర నిల్వల ఏర్పాటు మనకు లేదు.

ఏ పొయ్యికి ఎంత?

ఇప్పుడు బస్తా కొలతతో రెండు లెక్కలు వేద్దాం.

మొదటిది విద్యుత్తు. మంచి గ్యాస్ విద్యుత్ కేంద్రం వేడిలో సగాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. ఒక యూనిట్‌కు 860 కిలో కేలరీలు కనుక, ఒక బస్తా గ్యాస్‌తో సుమారు 147 యూనిట్లు వస్తాయి. గ్యాస్ పది డాలర్లయితే ఒక్క ఇంధనం ఖర్చే యూనిట్‌కు 5 రూపాయల 80 పైసలు. వేలాల్లో సౌర విద్యుత్తు 3 రూపాయలకు లోపే దొరికిన దేశంలో పగలంతా దిగుమతి గ్యాస్ మండించడం దండగ. సాయంత్రం సూర్యుడు దిగి, వాడకం ఒక్కసారిగా పెరిగే వేళ మాత్రం త్వరగా అందుకొనే గ్యాస్ టర్బైన్‌కు విలువ ఉంది. 2024 వేసవిలో మే, జూన్ నెలలకు గ్యాస్ కేంద్రాలను నడపమని కేంద్రం ఆదేశించింది ఇటువంటి అవసరానికే.

రెండోది ఎరువు. దేశంలో ఏటా దాదాపు 300 లక్షల టన్నుల యూరియా తయారవుతోంది. అది సుమారు 67 కోట్ల బస్తాలు. ఎరువుల కర్మాగారాలకు అందే గ్యాస్ సగటు ధర ఒక్క డాలరు పెరిగితే ఏటా 5,500 కోట్ల రూపాయలకు పైగా అదనపు భారం. అయినా ఇక్కడ గ్యాస్ ఇంధనమే కాదు, ముడిసరుకు కూడా. రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన పాత కర్మాగారం బొగ్గు నుంచి యూరియా తీసేది. అది 1999లో మూతపడింది. అదే చోట 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారానికి గ్యాస్ కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపులైనులో వస్తోంది. బొగ్గు గనుల నడుమ ఉన్న ఊరు కూడా గ్యాస్‌నే నమ్ముకోవలసి వచ్చిందంటే ప్రత్యామ్నాయం ఎంత కష్టమో ఊహించండి. సౌర విద్యుత్తుతో నీటిని విడదీసి తీసే హైడ్రోజన్ చౌకయ్యేదాకా ఎరువుకు గ్యాస్ తప్పదు.

సిటీ బస్సుకు 2002లో వేరే మంచి మార్గం లేదు. నేడు విద్యుత్ బస్సు ఉంది. ఒకనాటి సరైన జవాబు ఎల్లకాలం సరైనదిగా ఉండదు.

స్వచ్ఛత ఎంతవరకు?

'శుభ్రమైన ఇంధనం' అన్న మాటకూ ఒక షరతుంది. ఒక కిలో మీథేన్ మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మండకుండా గాలిలో కలిస్తే ఇరవై ఏళ్ల కాలంలో అది 80 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. బావి నుంచి బర్నర్ దాకా మూడు శాతం కారిపోయిందనుకోండి. ఆ నష్టం 2.4 కిలోలకు సమానం. మండించినదానితో ఇంచుమించు సరితూగింది! బొగ్గు మీద ఉన్న ఆధిక్యం కారే గొట్టంలోనే ఆవిరైపోతుంది. విదేశంలో కారినా వాతావరణం ఒక్కటే గదా. అందుకే కొనే ఒప్పందంలో ధరతోపాటు ఆ గ్యాస్ ఎంత కారుతోందో కొలిచి చెప్పాలన్న షరతు కూడా ఉండాలి.

దిగుమతులు వద్దని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఎరువుకు, సాయంత్రపు విద్యుత్తుకు, బొగ్గు పొగ మానవలసిన బట్టీలకు గ్యాస్ కావాలి. దానిలో కొంత భాగం బయటి నుంచే రావాలి. అయితే కొత్త టెర్మినల్ ప్రకటన వచ్చినప్పుడల్లా నాలుగు ప్రశ్నలు వేయండి. కొనేవారు ఎవరు? పైపులైను సిద్ధమా? ధర రెట్టింపైతే ఎవరు భరిస్తారు? అదే పని పదేళ్లలో వేరే దారిలో చౌకగా జరిగే అవకాశం ఉందా? నాలుగింటికీ జవాబు దొరికితే ఆ గ్యాస్ రావలసిందే. దొరక్కపోతే 15 శాతం అనే అంకె ఎంత ఘనంగా ఉన్నా, చివరికి ఆ బిల్లు యూరియా బస్తా మీదో, దాని సబ్సిడీ కట్టే మన పన్నుల మీదో పడుతుంది.