పోయించని వాళ్ళ సంగతేంటి?

పచ్చకామెర్లు వస్తే పసరు పోయించని ఇల్లు మా వైపు తక్కువ. ఆ మధ్య పక్కింటి పిన్నిగారితో ఇదే మాట వచ్చింది. "మా పెద్దాడికి కళ్ళు పసుపుపచ్చగా అయిపోతే తీసుకెళ్ళి పసరు పోయించాం. నూనె మాన్పించి చప్పిడి పథ్యం పెట్టాం. నెల తిరిగేసరికి లేచి తిరిగాడు" అన్నారావిడ. "మరి పోయించని వాళ్ళ సంగతేంటి పిన్నిగారూ?" అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "పోయించకుండా ఎవరుంటారయ్యా?" అన్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. కలుషితమైన నీటితో, తిండితో సోకే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. ఊరంతా పోయించుకుంటే పేరంతా పసరుదే అవుతుంది. పోయించుకోని వాళ్ళు లేనిచోట ఆ పేరులో నిజమెంతో తేల్చే దారి ఉండదు. పైగా కామెర్లన్నీ ఒక రకం కావు. పిత్తనాళానికి రాయి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి. అలాంటప్పుడు పసరును నమ్ముకుని ఆగిన వారం రోజులు ప్రాణం మీదికి తెస్తాయి.

ఎవరు ఏది ఫలించిందని చెప్పినా, అది లేని చోట ఏమైందని అడగడం నాకు అలవాటు. మా ఇంట్లో దీనికి పెద్ద మర్యాదేమీ లేదు. "నీతో మాట్లాడుతుంటే బోనెక్కినట్టుంటుంది" అంటారు. అయినా మానలేదు. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ర్యాంకర్ల ఫొటోలు చూసినప్పుడు, అక్కడ చేరిన పిల్లలు మొత్తం ఎందరు, ఫొటోకెక్కని వాళ్ళు ఏమయ్యారు అని ఆలోచిస్తాను. ముందే బాగా చదివే పిల్లల్ని ఏరి చేర్చుకుంటే ఆ ర్యాంకుల్లో సెంటర్ వాటా ఎంత, పిల్లల వాటా ఎంత? ఫీజు కట్టే తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

2021 మేలో 'అది లేని చోట ఏమైంది' అన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఎదురైంది. కరోనా రెండో విడత. ఆక్సిజన్ బెడ్ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న రోజులు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఇచ్చే నోటి మందులు, కంటి చుక్కల కోసం వేలమంది బారులు తీరారు. వాళ్ళను వెక్కిరించడం నాకు చేతకాదు. బెడ్ దొరకని మనిషి దొరికినదాన్ని పట్టుకుంటాడు. కళ్ళలో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. ఆ నెలాఖరుకు ఆయన చనిపోయారు. ఆయన తేరుకోవడం మందు పనిచేస్తుందనడానికి రుజువు కాదు. ఆయన పోవడం మందు పనిచేయదనడానికీ రుజువు కాదు. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకున్నారు కాబట్టి, ఒకరిద్దరి కథలతో అటూ ఇటూ ఏదీ తేలదు. మే 31న ప్రభుత్వం నోటి మందుల్లో కొన్నింటికి అనుమతినిచ్చి కంటి చుక్కలను ఆపింది. ఆ మందులతో హాని కనబడలేదనీ, జబ్బు తగ్గుతుందనడానికి ఆధారాలు లేవనీ చెప్పింది. జనం మొదటి ముక్క విన్నారు, రెండోది వదిలేశారు.

తేల్చే పద్ధతి ప్రపంచానికి తెలియనిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌కు క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ కొద్దిగానే దొరికింది. అందరికీ చాలదు. ఎవరికివ్వాలో డాక్టర్ల ఇష్టానికి వదలకుండా సీలు వేసిన కవర్లతో నిర్ణయించారు. 55 మందికి మందుతో పాటు విశ్రాంతి, 52 మందికి అప్పటి ఆనవాయితీ ప్రకారం విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మొదటి గుంపులో నలుగురు, రెండో గుంపులో 14 మంది చనిపోయారు. 1948లో ఈ ఫలితాలు అచ్చయ్యాక మందుల పరీక్షకు అదే నమూనా అయింది.

అన్నిటికీ ఇలా రెండు గుంపులు చేయాలని కాదు. కుక్క కరిస్తే టీకా వేయించకుండా చూద్దామనడం మూర్ఖత్వం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవాళ్ళు దాదాపు లేరు. టీకా లేకపోతే ఏమవుతుందో అనుభవం ముందే చెప్పేసింది.

ప్రభుత్వ పథకాలకు ఇదంతా పనికొస్తుందా అని అనుమానమొస్తే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జవాబుంది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్రతో చెల్లించే స్మార్ట్‌కార్డులను 8 జిల్లాల్లో తెచ్చినప్పుడు, ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీతో తేల్చారు. 112 మండలాలకు ముందు వచ్చాయి, 45 మండలాలకు ఆలస్యంగా. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఈ రెండింటినీ పోల్చి చూశారు. కార్డులు వచ్చిన చోట కూలీ త్వరగా చేతికందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది. ఇంతా చేసి, కింది స్థాయి నుంచి వచ్చిన ఫిర్యాదులు విని ప్రభుత్వం ఒక దశలో దాన్ని ఎత్తేసే ఆలోచన దాకా వెళ్ళింది. వాటా పోయినవాళ్ళ గొంతు పైకి వినిపిస్తుంది, లాభపడిన కూలీ గొంతు వినిపించదు. ఇంటింటికీ వెళ్ళి అడిగితే మాత్రం వాడినవాళ్ళలో అత్యధికులు పాతదానికన్నా ఇదే నయమన్నారు.

లాటరీ తీయడానికి పైసా ఖర్చు లేదు. ఏ పథకమైనా అన్ని మండలాలకూ ఒకే రోజున చేరదు. ఎవరికి ముందనేది ఎమ్మెల్యే పలుకుబడికి వదిలేస్తే పథకం పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలియదు. గ్రామసభలోనో వార్డు సమావేశంలోనో ఈసారి ఎవరైనా విజయాల జాబితా చదివితే లేచి ఒక్క మాట అడగండి: "ఇది రాని ఊళ్ళో ఏమైందండీ?" జవాబు ఉంటే శ్రద్ధగా వినండి. లేకపోతే ఆ విజయాన్ని ఇంకా తేలని లెక్కగానే ఉంచండి.